వలస పాఠం

"వలస అంటే ఏమిటో ఎవరు చెప్తారు?" అని అడిగాను. బోర్డు మీద ఆ మూడక్షరాలూ రాసి, వాటి కింద ఎగిరే పిట్ట బొమ్మ వెయ్యడానికి చాక్‌పీసు పట్టుకుని నిలబడి ఉన్నాను. పదిమంది దాకా చేతులెత్తారు.

"మా నాయిన బెంగుళూరులో సెంట్రింగు పనికి పొయ్యినాడు టీచర్."

"మా చిన్నాయన హైద్రాబాదులో వాచ్‌మన్."

"మాయమ్మ కువైట్."

ఎవరి నోటా పక్షి మాట రాలేదు. కాసేపాగి, పక్షులు కూడా వలస పోతాయని నేనే చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు: "పిట్టలకేం పని టీచర్ ఆడ?"

అందరం నవ్వుకున్నాం. పాఠం బాగా మొదలైందనుకున్నాను. నేను చెప్పబోయేదానికి ఆ క్లాసులో ఉన్నవాళ్ళు నాకంటే దగ్గరి వాళ్ళని అప్పటికి నాకు తట్టలేదు.

అది 2024 నవంబరులో ఒక శనివారం. ఆళ్ళగడ్డకు దగ్గరలో ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాల. నాలుగు, ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పే నా స్నేహితురాలు, "డాక్టరేటు చేసినావు గదా, నెలకో రెండుసార్లు వచ్చి పిల్లలకు ఏదన్నా చెప్పు" అని చాలాకాలంగా పోరుతోంది. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బస్సులో గంట. ఏం చెప్పాలి? నా పరిశోధన ప్రబంధాల మీద. పదేళ్ళ పిల్లలకు ప్రబంధాలు చెప్పలేను. నాకు కొంచెం తెలిసిన ఇంకో విషయం పక్షులు. రోళ్ళపాడుకు నాలుగైదుసార్లు వెళ్ళి, బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకుని గడ్డిలో గంటలు గడిపిన అలవాటు ఉంది. పరిసరాల విజ్ఞానంలోకి పక్షులు ఎలాగూ వస్తాయి కదా అని అదే ఎంచుకున్నాను.

రోళ్ళపాడు మా నంద్యాల జిల్లాలోనే, మిడుతూరు మండలంలో ఉంది. బట్టమేక పిట్టను కాపాడడానికని 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. పేరుకు అరణ్యమే గాని అక్కడ ఉన్నది గడ్డిమైదానం. చలికాలంలో మధ్య ఆసియా గడ్డినేలల నుంచి హారియర్ గద్దలు అక్కడికి వస్తాయి. పగలంతా చేల మీద, బీళ్ళ మీద నేలకు జానెడెత్తున ఎగురుతూ మిడతల్నీ ఎలుకల్నీ పట్టుకుంటాయి. పొద్దుగూకేటప్పటికి ఒక్కొక్కటే వచ్చి గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. మగది బూడిదరంగు, ఆడది గోధుమరంగు. ఈ రంగు తేడా వల్ల యూరప్‌లో చాలాకాలం ఒక జాతి హారియర్‌లో ఆడదాన్ని అసలు వేరే పక్షి అనుకున్నారు. తోక మీది పట్టీలను బట్టి దానికి 'రింగ్‌టెయిల్' అని ఇంకో పేరు పెట్టారు. రెండూ ఒకే జాతి అని జార్జ్ మాంటెగ్యూ అనే ఆయన 19వ శతాబ్దం మొదట్లో రుజువు చేశాక గాని ఆ ఆడపక్షికి సొంత కులంలో చోటు దొరకలేదు. ఇప్పటికీ రెండు మూడు జాతుల ఆడ హారియర్లను దూరం నుంచి విడదీసి గుర్తుపట్టడం కష్టం. చూసేవాళ్ళు నోటుపుస్తకంలో 'రింగ్‌టెయిల్' అని రాసుకుని ఊరుకుంటారు. మగదానికి జాతి పేరు, ఆడదానికి తోక పేరు. ఈ సంగతి చదివిన రోజు నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పిల్లలకు మాత్రం రంగుల వరకే చెప్పాను.

ఆ తర్వాత, తల మీద రెండు నల్లచారలుండే బాతుల గురించి చెప్పాను. మంగోలియాలో, టిబెట్‌లో పిల్లల్ని పెట్టి, చలికాలానికి హిమాలయాలు దాటి దక్షిణాది చెరువుల దాకా వస్తాయవి. కొండల మీదుగా సూటిగా ఒకే ఎత్తున ఎగరవు. కొండ దిగితే తామూ దిగుతాయి, కొండ ఎక్కితే తామూ ఎక్కుతాయి. అలా చేస్తే ఎత్తు మళ్ళీ మళ్ళీ పోగొట్టుకున్నా మొత్తం మీద శ్రమ తక్కువని, వాటి ఒంట్లో పరికరాలు అమర్చి చూసిన శాస్త్రజ్ఞులు 2015లో తేల్చారు. "అహోబిలం కొండెక్కినట్ల" అంది ఒక పిల్ల. సరిగ్గా అంతే.

అప్పుడడిగింది ముందు వరసలో కూర్చున్న అమ్మాయి. ఐదో తరగతి. "మాయమ్మ కువైట్" అన్నది ఈ పిల్లే.

"పిల్లల్ని ఎవరి దగ్గర ఇడిసిపెట్టి వస్తాయి టీచర్?"

పుస్తకం చదివినట్టుగానే జవాబు చెప్పాను. హారియర్ల పిల్లలు పుట్టిన కొద్ది నెలలకే ఒంటరిగా దారి పట్టగలవు. బాతులు అలా కాదు, పిల్లల్ని వెంటబెట్టుకునే వస్తాయి, మొదటి ప్రయాణంలో పిల్లలు తల్లిదండ్రుల వెనకే ఎగిరి దారి నేర్చుకుంటాయి.

"వెంటబెట్టుకునే వస్తాయా?" అని మళ్ళీ అడిగింది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. నా స్నేహితురాలు కిటికీ వైపు చూసింది.

కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఆడవాళ్ళు కువైట్‌లో ఇంటిపనికి పోవడం కొన్ని దశాబ్దాలుగా ఉన్నదే. కడప జిల్లాకు ఆనుకునే ఉన్న ఆళ్ళగడ్డ, చాగలమర్రి పక్క ఊళ్ళలో 'ఖద్దామా' అన్న అరబ్బీ మాటకు ఎవరూ అర్థం చెప్పాల్సిన పనిలేదు. ముప్ఫై ఏళ్ళు నిండని ఆడవాళ్ళు గల్ఫ్‌లో ఇంటిపనికి పోకూడదని మన ప్రభుత్వ నిబంధన. అంటే చట్టప్రకారం పోయేవాళ్ళలో చాలామంది అప్పటికే తల్లులు. వాళ్ళు పోయి ఇతరుల పిల్లల్ని సాకుతారు. వాళ్ళ పిల్లల్ని అవ్వలు సాకుతారు. ఇదంతా నాకు తెలియనిది కాదు. వలస మీద, స్త్రీల శ్రమ మీద వచ్చిన వ్యాసాలు చదివాను, ఒక సెమినార్‌లో మాట్లాడాను కూడా. అయినా బోర్డు మీద 'వలస' అని రాసేటప్పుడు నా మనసులో ఉన్నది పిట్ట మాత్రమే. ఎల్లలు లేని ఆకాశం, స్వేచ్ఛ, అందం. చదువుకున్నవాళ్ళం పక్షుల గురించి మాట్లాడేటప్పుడు ఎందుకో ఈ మాటలే వస్తాయి.

ఆ రోజు ఇంకో రెండు పనులు చేశాను. ఒకటి కథ, రెండోది అబద్ధం.

కథ నా పరిశోధనలోంచి తెచ్చిందే. పింగళి సూరన 16వ శతాబ్దపు కవి. ఆయన 'కళాపూర్ణోదయం' అంకితం తీసుకున్నది నంద్యాల కృష్ణరాజు. అంటే ఆయన మా ఊరి కవి. ఆయనదే ఇంకో కావ్యం 'ప్రభావతీ ప్రద్యుమ్నం'. వజ్రనాభుడనే రాక్షసుడికి ఒక వరం ఉంది. అతని అనుమతి లేకుండా వజ్రపురంలోకి ఎవరూ అడుగుపెట్టలేరు. ఆ కోటలో అతని కూతురు ప్రభావతి ఉంటుంది. మనుషులు పోలేని చోటికి ఇంద్రుడు హంసల్ని పంపిస్తాడు. వాటిలో శుచిముఖి అనే ఆడహంస సరస్వతి దగ్గర విద్యలు నేర్చింది. ప్రభావతికి ప్రద్యుమ్నుడి గురించి, ప్రద్యుమ్నుడికి ప్రభావతి గురించి చెప్పి ఇద్దరినీ కలుపుతుంది. ప్రద్యుమ్నుడు నాటకాలవాళ్ళ గుంపులో వేషం మార్చుకుని కోటలోకి ప్రవేశిస్తాడు. మాటలతో లోకాన్ని నడిపించే ఆ ఆడహంస మీద నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయమే రాశాను. స్త్రీ వాక్కు, స్త్రీ చలనశీలత అని శీర్షిక పెట్టుకున్నాను. మన కావ్యాల్లోని హంస నిజానికి బాతే అని 1962లో ఫోగెల్ అనే డచ్చి పండితుడు ఒక పుస్తకమే రాశాడు. మానస సరోవరం వైపు ఎగిరిపోయే కావ్యహంసలకూ, టిబెట్ సరస్సుల ఒడ్డున పిల్లల్ని పెట్టే చారల తల బాతులకూ చుట్టరికం కలపడం నాకు భలే ఇష్టం. అందుకే బాతుల తర్వాత ఈ కథ చెప్పాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు.

కథ అయ్యాక ఆ అమ్మాయి చెయ్యెత్తింది. "మరి హంస ప్రభావతిని బయటికి తెచ్చిందా టీచర్?"

తేలేదన్నాను. అతణ్ణి లోపలికి తెచ్చింది.

"అంతేనా" అంది.

మూడు వందల పేజీలకు పైగా రాశాను. గైడు అడగలేదు, వైవాలో ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. ఎక్కడికైనా ఎగరగల ఆడహంస, ఎక్కడికీ కదలలేని ఆడపిల్ల దగ్గరికి వచ్చి ఏం చేసింది? లోపలికి ఒక మగవాడిని తీసుకొచ్చింది. దాన్నే నేను చలనశీలత అన్నాను. ఎవరి చలనం అది?

ఆ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికేనేమో తొందరగా ఇంకో పక్షి దగ్గరికి వెళ్ళిపోయాను. అముర్ డేగ. పావురం కంటే చిన్నది. ఈశాన్య చైనా, సైబీరియా వైపు నుంచి బయలుదేరి అక్టోబరులో నాగాలాండ్, మణిపూర్ చేరుతుంది. అక్కణ్ణుంచి నవంబరులో మన దేశం మీదుగా ఎగిరి, అరేబియా సముద్రం మీద ఎక్కడా ఆగకుండా సోమాలియా చేరి, చివరికి దక్షిణాఫ్రికా దాకా పోతుంది. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర వాటిని వలలు పెట్టి వేల సంఖ్యలో చంపుతున్నారని బయటపడింది. మరుసటి ఏడే ఆ ఊళ్ళవాళ్ళు వేట మానేశారు. 2013 నవంబరులో మూడు డేగలకు ఉపగ్రహాలకు కనబడే చిన్న పరికరాలు కట్టి వదిలారు. వాటికి నాగా, వోఖా, పాంగ్టీ అని ఆ ప్రాంతం పేర్లే పెట్టారు. అవి ఆఫ్రికా దాకా పోయి, మళ్ళీ బయలుదేరిన దారి తెరమీద గీతలా కనబడింది. ఈ నెలలోనే, మనం ఇక్కడ కూర్చున్న ఈ వేళలోనే, ఎక్కడో మన తలల మీదుగా అవి పోతూ ఉండవచ్చు అన్నాను. పిల్లలంతా పైకప్పు వైపు చూశారు.

"కువైట్ మీద పోతాదా?" అని అడిగింది ఆ పిల్ల.

గోడకు ప్రపంచపటం ఉంది. కొంకణ తీరం నుంచి సోమాలియాకు పోయే దారి ఒకచోట. కువైట్ పర్షియన్ సింధుశాఖ కొసన, ఎక్కడో పైన. పటం మీదే జానెడు దూరం. నాకు కనబడుతూనే ఉంది.

"ఆ, దగ్గర్నుంచే పోతుంది" అన్నాను.

రెండు వారాల తర్వాత వెళ్ళేసరికి ఆ పిల్ల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. "డేగకు ఎట్ల కట్టాలో మీకు తెలుసు గదా" అంది. నాకు చెమట పట్టింది. నన్ను నమ్మి ఇచ్చింది కాబట్టి ఆ కాగితం అక్కడ తెరవలేదు. తర్వాత తెరిచాను. లోపల ఉన్నది ఇక్కడ రాయను, ఆ పిల్ల పేరు రాయనట్టే. దానిలో "అమ్మా నువ్వు గుర్తొస్తున్నావు" లాంటి మాటలేవీ లేవు. ఒక్క ప్రశ్న ఉంది, అది కూడా డేగకే. వెనక్కి రావడానికి ఎవరినన్నా అడగాలా అని.

మధ్యాహ్నం ఆ పిల్లను తీసుకుపోవడానికి అవ్వ వచ్చింది. తల్లికి తల్లి. కాగితం సంగతి చెప్పకుండా, తల్లి ఫోన్ చేస్తుంటుందా అని అడిగాను. అవ్వ నన్ను వింతగా చూసింది.

"దినామూ చేస్తాది గదమ్మా. వీడియోలో కనపడతాది. ఇంట్లో వాళ్ళు పండుకున్యాక, రాత్రి పదకొండుకో పన్నెండుకో. ఈ పాప మేలుకోనే ఉంటాది."

కబురు పంపడానికి ఆ పిల్లకు హంస అక్కరలేదు, డేగ అక్కరలేదు. సందేశ కావ్యాల మీద నాకున్న మోజు ఒక్క మాటతో తేలిపోయింది. తల్లి ముఖం రోజూ రాత్రి అరచేతిలో కనబడుతూనే ఉంది. లేనిది తల్లి వచ్చే తేదీ.

"రెండేండ్లని పొయ్యింది. మూడోది నడుస్తాండాది" అంది అవ్వ. "పాస్‌పోర్టు కఫీలు దగ్గర ఉందంట. రంజాన్ అయిపోయినాక పంపిస్తామన్నారంట. పోయినేడు గూడా అదే మాట."

ఇంటిపని చేసేవాళ్ళ కోసం కువైట్ 2015లో ఒక చట్టం చేసింది. పనివాళ్ళ అంగీకారం లేకుండా యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు, రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొకరోజు సెలవు, ఏడాదికి ముప్ఫై రోజులు జీతంతో కూడిన సెలవు. ఇదంతా కాగితం మీద ఉంది. ఆ సంగతి అవ్వకు చెప్పాను. "ఉంటాదిలేమ్మా" అంది. నా మాటను కాదనలేదు, నమ్మనూ లేదు.

మాట మార్చడానికి, పిల్లలకు పిట్టల వలస చెప్తున్నానన్నాను. అవ్వ ముఖం ఒక్కసారి మారిపోయింది.

"పిట్టలా? పిట్టల పుణ్యాన్నే గదమ్మా నాకు సదువు లేకపాయె."

అర్థం కాలేదు. చెప్పింది. వాళ్ళ చిన్నప్పుడు ఈ పక్కంతా జొన్నచేలు. కంకి పాలు పట్టే వేళకు పిట్టలు మబ్బులాగా దిగేవి. నల్లటి తల, నల్లటి రెక్కలు, ఒళ్ళు గులాబి రంగు. వాలితే చేను చేనంతా కదిలేది. మంచె మీద నిలబడి, ఒడిసెలతో రాళ్ళు విసురుతూ, డబ్బా కొడుతూ పొద్దున్నుంచీ సాయంత్రం దాకా తోలాలి. ఆ పనికి ఆడపిల్లల్నే పెట్టేవాళ్ళు. "మా యన్నను బడికి పంపించి, నన్ను మంచె ఎక్కించిరి. రెండో తరగతిలో నిలిపేసిరి. ఆ పిట్టలు యాడ్నుంచి వచ్చేటివో, యాటికి పొయ్యేటివో మాకేం తెలుసు. పాడు పిట్టలు అని తిట్టుకుంటా తోలేవాళ్ళం."

నాకు తెలుసు అవి ఎక్కణ్ణుంచి వచ్చేవో. గులాబి గోరింకలు. మధ్య ఆసియా, తూర్పు యూరప్ గడ్డినేలల్లో, రాళ్ళ గుట్టల సందుల్లో పిల్లల్ని పెడతాయి. అక్కడ మిడతల్ని తిని రైతుకు మేలు చేస్తాయి. ఇక్కడికి వచ్చి జొన్నలు తింటాయి. అంత దూరం నుంచి అన్ని దేశాలు దాటి వచ్చిన ఆ పిట్టల్ని చూసి నాబోటివాళ్ళు మురిసిపోతాం. ఆ గుంపుకు ఎదురుగా మంచె మీద ఒక ఏడేళ్ళ పిల్ల ఒడిసెల పట్టుకుని నిలబడి ఉందని ఏ పక్షిశాస్త్ర పుస్తకంలోనూ నేను చదవలేదు. పక్షుల వలస గురించి ఆ పిల్లకు తెలిసిందంతా ఒక్కటే. అవి వస్తే తనకు బడి లేదు.

ఆ పిల్లే ఈ అవ్వ. అవ్వ కూతురు పదో తరగతి తప్పి, పెళ్ళయి, ముప్ఫై దాటాక కువైట్ పోయింది. ఆ కూతురి కూతురు నా ఎదుట కూర్చుని వలస పాఠం వింటోంది. ముగ్గురిలో పోయేది ఎవరో, కాపలా ఉండేది ఎవరో, ఎదురుచూసేది ఎవరో వేర్వేరు. కాని ఆ మూడు పనులూ ఆడవాళ్ళవే.

ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ, నేను చెప్పిన పాఠాన్ని నాకు నేనే మళ్ళీ చెప్పుకున్నాను. చాలా జాతుల పక్షుల్లో మగది పుట్టినచోటికి దగ్గర్లోనే గూడు కడుతుంది, ఆడది అంతకంటే దూరం పోతుంది. 1980లో గ్రీన్‌వుడ్ అనే పరిశోధకుడు ఈ తేడాను చర్చించి రాసిన వ్యాసం ఆ రంగంలో చాలా పేరున్నది. మొదటిసారి చదివినప్పుడు నాకు మన 'ఆడ' పిల్ల సామెత గుర్తొచ్చింది. సీమ భాషలో ఆడ అంటే అక్కడ, ఈడ అంటే ఇక్కడ. పుట్టింట్లో పుట్టినా అది అక్కడి పిల్లే అని. మన దేశంలో ఊరు మారిన ఆడవాళ్ళలో ఎక్కువమంది చెప్పిన కారణం పెళ్ళి అని 2011 జనాభా లెక్కలు కూడా చెప్తున్నాయి. పక్షుల్లోనూ ఇంతే కదా, ప్రకృతే అంత అని ఎవరైనా అనవచ్చు. అంటున్నారు కూడా. కాని బాతుల్లో, హంసల్లో చాలా జాతుల కథ వేరు. చలికాలం చెరువుల మీద జత కుదురుతుంది. వసంతంలో ఆడది తను పుట్టినచోటికి దారి తీస్తుంది, మగది దాని వెనకే పోతుంది. ఇల్లరికం! అంటే ప్రకృతిని సాక్షికి పిలిస్తే రెండు పక్షాలకూ సాక్ష్యం చెప్తుంది. పిట్టను చూసి ఆడదాని బతుకు ఎలా ఉండాలో తేల్చుకోవడం ఎంత తప్పో, పిట్టను చూసి ఆడదాని స్వేచ్ఛను పాడుకోవడం కూడా అంత తప్పే. రెండోది నేను చేసిన తప్పు.

పిట్టకు వెళ్ళే కాలం ఉంది, వచ్చే కాలం ఉంది. పగలు తరగడం, పెరగడం దాని ఒంటికి తెలుస్తుంది. కఫీలు తెలియదు. దాన్ని, ఖద్దామా వీసా మీద పోయిన తల్లినీ ఒకే మాటతో పిలుస్తున్నాం. మాటను మార్చలేను. కాని ఆ మాట రాసేటప్పుడు దాని కింద ఎవరెవరున్నారో చెప్పకుండా పాఠం చెప్పకూడదు.

తర్వాతి శనివారం ప్రపంచపటం గోడ మీంచి తీయించి నేల మీద పరిచాను. ముందుగా, పోయినసారి మీకొక తప్పు చెప్పానన్నాను. అముర్ డేగ కువైట్ దగ్గర్నుంచి పోదు. దారి ఇదీ అని రంగుదారం పరిచి చూపించాను. ఆ పిల్ల ముఖం చూడడానికి భయపడ్డాను. తను మాత్రం వంగి, దారానికీ కువైట్‌కూ మధ్య తన చెయ్యి పెట్టి కొలిచింది.

"శానా దూరం ఉంది" అంది. కాసేపాగి, "మీకు ముందే తెలుసా?" అంది.

తెలుసన్నాను.

"మరి ఎందుకు చెప్పినారు?"

"నువ్వు బాధపడతావని."

"మాయమ్మ గూడా అట్లనే చెప్తాది" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. కాగితం తిరిగి ఇచ్చేశాను. మడత విప్పి చూసుకుని, జామెట్రీ బాక్సులో పెట్టుకుంది.

ఆ రోజు పాఠం వేరేగా చేశాం. ఒక్కొక్కరూ వాళ్ళింట్లో వలస పోయినవాళ్ళ దారిని దారంతో పటం మీద పెట్టారు. బెంగుళూరు, హైదరాబాదు, చెన్నై, కువైట్, ఖతర్. తర్వాత పక్షుల దారాలు పెట్టాం. ప్రతి దారానికీ నాలుగు ప్రశ్నలు. ఎవరు పోతున్నారు? ఎందుకు? వెనక ఎవరున్నారు? తిరిగి రావడం ఎవరి చేతిలో ఉంది? పక్షుల దగ్గర నాలుగో ప్రశ్నకు "దాని రెక్కల చేతిలో" అని ఒకడు చెప్పాడు. మనుషుల దగ్గర ఆ గడిలో పిల్లలు రాసినవి: సేటు, మేస్త్రీ, అప్పు, కఫీలు. గులాబి గోరింక దారం వచ్చినప్పుడు "వెనక ఎవరున్నారు" గడిలో ఆ అమ్మాయి "మా యవ్వ" అని రాసింది. పిట్టకు వెనక ఉండేది అవ్వ ఎలా అవుతుందని మిగతావాళ్ళు గొడవపెట్టారు. తను లేచి నిలబడి మంచె కథంతా చెప్పింది. నేను ఒక్క మాట కూడా కలపాల్సిన అవసరం రాలేదు. చివర్న బాతుల ఇల్లరికం చెప్తే నవ్వులతో గది దద్దరిల్లింది. ఒకడు "నేను పోను టీచర్" అన్నాడు. "ఎందుకు పోవు?" అని ఆడపిల్లలంతా వాడి మీద పడ్డారు.

2025 మార్చి చివర రంజాన్ అయిపోయింది. తల్లి రాలేదు. ఏప్రిల్‌లో బడి చివరి వారం వెళ్ళాను. ఐదో తరగతి పిల్లలు ఆరుకు వేరే బడికి పోతారు. జ్ఞాపకంగా తలా ఒక బొమ్మ వేసి గోడకు అంటించమంది నా స్నేహితురాలు. ఆ అమ్మాయి వేసిన బొమ్మలో పెద్ద జొన్నచేను, మధ్యలో మంచె. మంచె మీద ఎవరూ లేరు. ఆకాశంలో గులాబిరంగు చుక్కలు దూరంగా పోతున్నాయి. కింద ఒకే మాట రాసింది: "మల్లా వస్తాది."

ఎవరు అని అడగబోయి ఆగిపోయాను. కర్త లేదు. తెలుగులో కర్త అక్కరలేదు. మన వ్యాకరణాల ప్రకారం స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తుతో సమానం, బహువచనంలో మహత్తుతో సమానం. ఆడది ఒక్కతే ఉంటే క్రియలో పిట్టతో, చెట్టుతో, బస్సుతో ఒకటి. పదిమంది కలిస్తేనే మనిషి. ఈ సూత్రాన్ని తిట్టుకుంటూ ఎన్నో క్లాసుల్లో చెప్పాను. ఆ గోడ ముందు నిలబడినప్పుడు మాత్రం ఆ పిల్ల ఈ సూత్రాన్ని తన పనికి వాడుకున్నట్టు అనిపించింది. వచ్చేది పిట్ట కావచ్చు, అమ్మ కావచ్చు, ఆరో తరగతికి పోయి ఎప్పుడో ఈ బడికి చుట్టపుచూపుగా వచ్చే తనే కావచ్చు. ముగ్గురికీ ఆ ఒక్క క్రియ సరిపోతుంది.

'వస్తాది' కాదు, 'వస్తుంది' అని దిద్దాలా అని నా స్నేహితురాలు అడిగింది. వద్దన్నాను.